లేని గుమ్మానికి తల వంచాం

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటి నుంచీ చిరాకే. నంద్యాలలో చదువుకునేటప్పుడు మా హాస్టల్ మేడ మీది గదిలో ఏదో ఉందని అందరూ భయపడితే, గాలి బాగా వస్తుందని ఆ గదినే అడిగి తీసుకున్నదాన్ని. పెళ్లయ్యాక కాశీలో చితులు కాలే ఘాట్ పక్క సందులో గది తీసుకుని హాయిగా నిద్రపోయాం. రాజస్థాన్‌లో ఒక పాడుబడ్డ ఊళ్లో, అక్కడ కూర్చోవద్దని మేకల కాపరి ఒకతను చేతులూపుతుంటే, మొండిగోడ మీద కూర్చుని పల్లీలు తిన్నాం.

అలాంటి నాకు జరిగింది కాబట్టే దీన్ని రాయడానికి ఇంతకాలం పట్టింది. నమ్మమని ఎవరినీ అడగను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

నేను కొండాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ పని చేస్తాను. నా భర్త శ్రీకాంత్‌ది మూసాపేట. పుట్టింది, పెరిగింది అక్కడే. ఒకే ఆఫీసులో పరిచయమై పెళ్లి చేసుకున్నాం. మా ఇద్దరికీ ఉన్న ఒకే ఒక్క పిచ్చి తిరగడం. అది కూడా టికెట్ లేని చోట్లకే.

పిసినారితనం అనుకునేరు, కాదు. పెళ్లయిన కొత్తలో ఒక కోట చూడటానికి వెళ్లి, ఎండలో పెద్ద లైన్‌లో నిలబడి, తీరా లోపలికి వెళ్తే తాళ్లు కట్టిన గదులు తప్ప ఏమీ కనిపించలేదు. బయటికొచ్చి కోటగోడ వెంబడి ఊరికే నడుస్తుంటే, అక్కడ బట్టలు ఆరేసుకునే ఆడవాళ్లు, గాలిపటాలు ఎగరేసే వాళ్లు, గోడ రాళ్ల మధ్య గూళ్లు పెట్టిన చిలకలు కనిపించాయి. ఆ సాయంత్రం మాకు లోపలి గదులేవీ గుర్తు లేవు. అప్పుడు శ్రీకాంత్ అన్నాడు, "టికెట్ పెట్టిన్రంటే గోడ కట్టినట్టే మాధవీ. మనం గోడ బయటనే తిరుగుదాం" అని.

అప్పట్నుంచి అదే మా పద్ధతి. దేశం పెద్దది, చూడాల్సినవి అందరికీ తెరిచే ఉన్నాయి. అమృత్‌సర్ గురుద్వారాలో అందరితో వరసలో కూర్చుని తిని, తర్వాత గిన్నెలు తోమాం. కలకత్తాలో వంతెన కింద తెల్లారేసరికి నిండిపోయే పూల బజారులో బురదలో నడిచాం. కన్యాకుమారిలో ముక్కూ మొహం తెలియని వాళ్లతో కలిసి సూర్యుడి కోసం ఎదురుచూశాం. చాలా ఊళ్లలో అక్కడివాళ్లే సరదాగా, డబ్బు తీసుకోకుండా వీధులు తిప్పి చూపిస్తారు. అలాంటి నడకలంటే మాకు మరీ ఇష్టం. ముందు ఎవరో ఒకరు కథలు చెబుతూ నడుస్తుంటారు, మేం వెనక నడుస్తాం. అలా తెలియని మనుషుల వెనక నడవడం మాకు అలవాటైపోయింది.

సొంత ఊళ్లో మాత్రం అలాంటిది ఎప్పుడూ చూడలేదు. అందుకే వాట్సాప్‌లో ఆ మెసేజ్ వచ్చినప్పుడు సంతోషపడ్డాం. ఐటీ కారిడార్‌లో భవనాల మధ్య ఇంకా మిగిలిన పాత రాతిగుట్టలు చూపిస్తారట. ఆదివారం పొద్దున రాయదుర్గం మెట్రో స్టేషన్ దగ్గర కలుసుకోవాలి. ఎవరైనా రావచ్చు. ఇద్దరం వస్తామని జవాబు పెట్టాను. శివరాత్రి వెళ్లి చలి తగ్గిన రోజులు. శ్రీకాంత్ పొద్దున్నే లేచి టీ పెట్టాడు. తాగి బండి మీద బయల్దేరాం.

ఆదివారం పొద్దున ఆ వైపు వెళ్లినవాళ్లకు తెలుస్తుంది. మిగతా రోజుల్లో బండి కదలని రోడ్లు. ఆ పూట మాత్రం ఒక్క మనిషి కనిపించడు. టీ కొట్లు కూడా మూసే ఉంటాయి. ఎండ మాత్రం అప్పటికే అద్దాల మీద పడి కళ్లలోకి కొడుతోంది. అంటే పట్టపగలు. చీకటి, మసక, అలాంటిదేమీ లేదు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నన్ను అందరూ అడిగిన మొదటి ప్రశ్న అదే.

స్టేషన్ కింద ఫుట్‌పాత్ మీద ఒక్క ఆవిడే నిలబడి ఉంది. యాభై ఏళ్లుంటాయేమో. ఆకుపచ్చ నేత చీర, ముడి వేసిన జుట్టు. చేతిలో సంచీ లేదు, ఫోను లేదు. చీర అంచు చీలమండల దగ్గర తడిసి ఉంది. ఎక్కడో వాకిలి కడిగి వచ్చిందేమో అనుకున్నాను. మేము ఏమీ అడగకముందే ఆమే పలకరించింది.

"నడువనీకి ఒచ్చిన్రా? రాండ్రి. మిగిలినోళ్లు ఎనక ఒస్తున్నరు."

అని నడవడం మొదలుపెట్టింది. మేము వెంట వెళ్లాం. అనుమానం ఎందుకు రాలేదని ఇప్పుడు అనిపిస్తుంది. కానీ ఎన్నో ఊళ్లలో మేం చేసింది అదే కదా.

కొంతదూరం మామూలుగానే సాగింది. రెండు పెద్ద టవర్ల మధ్య సర్వీసు రోడ్డులోకి తీసుకెళ్లింది. అటూ ఇటూ గోడల వెంట కత్తిరించిన మొక్కలు, వాటి వెనక పచ్చిక. అక్కడ ఆగి, ఖాళీ పచ్చిక వైపు చెయ్యి చూపించి, "గిది మా పోశమ్మ ఇల్లు. గుమ్మం చిన్నగుంటది, తల వంచుండ్రి" అంది.

నేను, శ్రీకాంత్ ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వుకున్నాం. ఇలాంటి గైడ్లను మేము చూశాం. కొచ్చిలో ఒకాయన లేని ఓడలను, లేని వర్తకులను చూపించి మా చేత దండాలు కూడా పెట్టించాడు. ఈవిడా అలాగే అప్పుడెప్పుడో ఇక్కడున్న ఊరిని మా కళ్ల ముందు పెడుతోంది అనుకున్నాం. సరదాగా తల వంచి, పచ్చిక మీదికి అడుగు వేశాం.

తల వంచినప్పుడు నా జుట్టుకు ఏదో గీసుకుంది.

చెయ్యి పెట్టి చూస్తే గడ్డిపోచ. ఎండిపోయి, పొగచూరి నల్లబడిన గడ్డి. పైకి చూశాను. ఆకాశం, అద్దాల గోడ తప్ప ఏమీ లేవు. గాలికి ఎక్కడి నుంచో వచ్చిందిలే అని కింద పడేశాను.

అక్కడి నుంచి ఆమె ఒక్కో అడుగూ చెబుతూ నడిచింది. ఇక్కడ రోలుంది, పక్కనుంచి రాండ్రి. ఇక్కడ గొడ్లను కట్టేస్తరు, కాలు జారుతది. మేము పక్కకు తిరిగాం, కాలు ఎత్తి వేశాం. మొదట ఆటగా చేశాం. ఎప్పుడు ఆట మానేశామో నాకు తెలియదు. పిడకల పొగ వాసన వచ్చింది. పెనం మీద జొన్నరొట్టె మాడుతున్న వాసన వచ్చింది. ఎండలో నడుస్తున్నానని కళ్లకు తెలుస్తోంది. ఒంటికి మాత్రం ఇంట్లో, మట్టిగోడల మధ్య ఉన్నట్టు చల్లగా ఉంది.

వెనక మనుషులు వస్తున్నారు. ఆ చప్పుడు ఎప్పుడు మొదలైందో గమనించలేదు. చెప్పుల చప్పుడు, గాజుల చప్పుడు, ఒక పసిబిడ్డ సన్నగా ఏడవడం, ఎవరో సముదాయించడం. నడకకు రావాల్సిన మిగతావాళ్లు వచ్చేశారనుకున్నాను. చంటిబిడ్డను ఎందుకు తెచ్చారో, ఎండ తగులుతుంది కదా అని కూడా అనుకున్నాను. పలకరిద్దామని వెనక్కి తిరిగాను.

ఎవరూ లేరు. సర్వీసు రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరికి ఖాళీగా ఉంది. కానీ చప్పుడు ఆగలేదు. నేను చూస్తున్న ఆ ఖాళీలోంచే, నాకు నాలుగడుగుల దూరంలో, గాజులు గలగలమన్నాయి. ఆ బిడ్డ మళ్లీ ఏడ్చింది.

శ్రీకాంత్ చొక్కా పట్టుకుందామని ముందుకు తిరిగాను. అతను అప్పటికే చాలా ముందుకు వెళ్లిపోయాడు. "శ్రీకాంత్, యాడికి పోతాండావ్? నిలబడబ్బా!" అని అరిచాను. ఆ పొద్దున నేను గట్టిగా అన్న ఆఖరి మాట అదే. అతను వినిపించుకోలేదు. ఆవిడ పక్కన, ఆమె చెప్పినట్టల్లా వంగుతూ, పక్కకు ఒదుగుతూ, చాలాకాలంగా తెలిసిన దారిలో నడుస్తున్నట్టు వెళ్తున్నాడు.

పరుగెత్తాను. వాళ్లు ఆగిన చోట, ఇంకా ఎవరూ అద్దెకు దిగని కొత్త టవర్ ఒకటి ఉంది. దాని కింద పార్కింగ్‌కు వాలుగా దిగే సిమెంటు దారి. దాని అంచులకు పసుపు, నలుపు చారలు. కింద చివర్లో ఇనుప షట్టర్ మూసి ఉంది. పైన ఎండ, కింద షట్టర్ దగ్గర నీడ.

"బాయి గిదే," అంది ఆమె, అక్కడ బావి ఉన్నట్టు చెయ్యి చూపిస్తూ. "మెట్లకు పాచి పట్టింది. పయిలంగ దిగు బిడ్డా."

శ్రీకాంత్ దిగాడు. నున్నటి వాలు మీద మనిషి ఎలా దిగుతాడో మనందరికీ తెలుసు. అతను అలా దిగలేదు. ఒక్కో మెట్టూ చూసుకుంటూ, ఒక కాలు కింద పెట్టి, రెండో కాలు దాని పక్కన చేర్చి, మళ్లీ కిందికి. ఎడమ చెయ్యి గోడకు ఆనించి దిగుతున్నాడు. అతని ఎడమవైపు చేతికందే దూరంలో గోడ లేదు. చెయ్యి గాల్లోనే ఆని ఉంది. ఆ చేతి మీద అతని బరువు ఉండటం నాకు కనిపిస్తూనే ఉంది.

పిలుద్దామని నోరు తెరిచాను. ఊపిరి వస్తోంది, మాట రావడం లేదు.

అప్పుడు వెనక ఉన్నవాళ్లు వచ్చేశారు. నన్ను దాటుకుంటూ, నాకు రెండు పక్కల నుంచీ దిగడం మొదలుపెట్టారు. కనిపించలేదు. కానీ భుజానికి భుజం తగిలింది. తడిచీర ఒకటి నా చేతి మీదుగా జారుకుంటూ వెళ్లింది. బరువుగా, చల్లగా, నీళ్లు కారుతున్న చీర. బిందె అంచు నా మోచేతికి తగిలింది. నేను రాయిలా నిలబడిపోయాను. పండుగ రోజు గుడి దగ్గర జనం మధ్య నిలబడితే ఎలా ఉంటుందో అలా ఉంది. ఎదురుగా చూస్తే ఖాళీ సిమెంటు.

కింద శ్రీకాంత్ మోకాళ్ల మీద వంగాడు. రెండు చేతులూ దోసిలి పట్టి ముంచాడు, నోటి దగ్గరికి తెచ్చుకుని తాగాడు. మళ్లీ ముంచాడు.

ఆవిడ దిగలేదు. నా పక్కనే నిలబడి ఉంది. నా వైపు తిరిగి, చాలా మామూలుగా, మన ఇళ్లలో పెద్దవాళ్లు అన్నానికి పిలిచినట్టు అంది.

"నువ్వు సుత దిగు బిడ్డా. అందరు దిగిన్రు."

ఆ గొంతులో కోపం లేదు, బెదిరింపు లేదు. అందుకే భయమేసింది. అంతలో నా కుడికాలు కదిలింది. నేను కదపలేదు. కాలు దానంతటదే లేచి, కిందికి మెట్టు కోసం వెతికింది. కాలి కింద రాయి తగిలింది. పాచి పట్టి జారుడుగా ఉన్న రాతిమెట్టు. కళ్లకు మాత్రం ఇంకా సిమెంటే కనిపిస్తోంది.

సరిగ్గా అప్పుడు కింద శ్రీకాంత్ ఆగాడు. దోసిలి నోటి దాకా తెచ్చి, తల ఎత్తాడు. ఎవరో పిలిస్తే విన్నట్టు పైకి చూశాడు. దోసిలి విడిచేశాడు. లేచి, వచ్చినట్టే ఒక్కో మెట్టూ ఎక్కుతూ పైకి వచ్చాడు. అతను నా పక్కకు చేరేసరికి నా కాలి కింద మామూలు సిమెంటు ఉంది. ఆవిడ లేదు. చప్పుళ్లు ఏవీ లేవు. ఎక్కడో ఏసీ యంత్రం గుర్రుమంటోంది.

ఎదుటి భవనం సెక్యూరిటీ అతను రోడ్డు దాటి మా దగ్గరికి వచ్చాడు.

"ఏం మేడం, ఎవల్ గావాలె? గా బిల్డింగ్ బంద్ ఉంది లోపట," అన్నాడు. తర్వాత మా ఇద్దరినీ కిందా మీదా చూసి, "గంత సేపటి సంది గట్ల వంగి వంగి నడుస్తున్నరు, ఏమన్న పారేసుకున్నరా?" అని అడిగాడు.

మాతో ఉన్న ఆవిడ ఎటు వెళ్లిందో చూశావా అని అడిగాను. గొంతు అప్పటికి వచ్చింది. "ఎవలామె? మీరిద్దరే ఉంటిరి గద," అన్నాడు. అతను మాత్రం శ్రీకాంత్ బూట్ల వైపే చూస్తున్నాడు. అవి నీళ్లు ఓడుతున్నాయి. ప్యాంటు మోకాళ్ల దాకా తడి. చొక్కా ముందు భాగం తడి. ఆ సిమెంటు వాలు మాత్రం పైనుంచి షట్టర్ దాకా దుమ్ము పట్టి పొడిగా ఉంది. దాని మీద తడి అంటే పైకి వచ్చిన అతని అడుగులు మాత్రమే. దిగిన అడుగులు పొడిగా, దుమ్ములో. ఎక్కిన అడుగులు తడిగా. నేనే వంగి చూశాను.

అంతలో ఫోన్ మోగింది. నడక ఏర్పాటు చేసిన అబ్బాయి. స్టేషన్‌కు అవతలి వైపు మెట్ల దగ్గర అందరం ఎదురుచూస్తున్నాం, వస్తున్నారా అండీ అని అడిగాడు. మీవాళ్లలో ఆకుపచ్చ చీర కట్టుకున్న ఒక పెద్దావిడ ఉన్నారా అన్నాను. లేరండి, చూపించేది నేనొక్కడినే అన్నాడు. మేము రావడం లేదని చెప్పి పెట్టేశాను.

బండి నేనే నడిపాను. శ్రీకాంత్ వెనక కూర్చున్నాడు. ఇంటికొచ్చాక, అక్కడ ఏం చూశావని అడిగితే, "బాయి ఉండె. నీళ్లు తియ్యగ ఉండె," అని మాత్రం చెప్పి పడుకున్నాడు. తల దువ్వుకుంటుంటే నా జుట్టులోంచి మరో రెండు గడ్డిపోచలు రాలాయి. వాటిని చూసి బాత్రూంలోకి వెళ్లి తలుపు వేసుకుని ఏడ్చాను.

మర్నాటికి శ్రీకాంత్‌కు జ్వరం, విరేచనాలు. ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. మేము డాక్టరుకు ఏమీ చెప్పలేదు, ఏమని చెబుతాం? ఆయన రిపోర్టులు చూసి మామూలుగా అడిగాడు. "ఈమధ్య బయట ఎక్కడైనా బావి నీళ్లు, చెరువు నీళ్లు తాగారా?" అని. మంచం మీద శ్రీకాంత్, పక్కన నేను. ఇద్దరం ఒకరినొకరు చూసుకోలేదు. "గుర్తు లేదు సార్," అన్నాడు శ్రీకాంత్. ఒక దశలో అతని బీపీ బాగా పడిపోయి డాక్టర్లు కంగారుపడ్డారు. ఆ గంటలు నేను ఎలా గడిపానో రాయలేను.

కోలుకున్నాడు. ఆ తర్వాత నేను వెతకని చోటు లేదు. ఆ టవర్ ఉన్న చోట ఒకప్పుడు ఊరుందా, బావి ఉందా, ఎవరైనా అందులో పడి చనిపోయారా అని. మా అత్తగారిని అడిగాను. "గాడ ఊరెక్కడిది బిడ్డా, అన్ని గుట్టలే ఉండె. మేం సీతాఫలాలకు పోతుంటిమి," అంది. ఇంకొకరు ఒక చిన్న గూడెం ఉండేదన్నారు. మరొకరు లేదన్నారు. బావి సంగతి ఎవరికీ తెలియదు. ఏదో ఘోరం జరిగిందని ఎవరైనా చెప్పి ఉంటే నాకు కొంత మనసు కుదుటపడేదేమో. ఎవరూ చెప్పలేదు.

ఆఫీసులో ఒక స్నేహితురాలు, ఎండ దెబ్బకు ఇద్దరూ ఒకేలా భ్రమపడి ఉంటారంది. కావచ్చు. మరి తడిసిన బూట్లు?

ప్రయాణాలు మానలేదు. కొంతకాలం ఆగి మళ్లీ మొదలుపెట్టాం. మొన్నటి చలికాలం పూరీ వెళ్లాం. సాయంత్రం సముద్రం ఒడ్డున ఇసుకలో కూర్చుని, వలలు లాగుతున్న వాళ్లను చూస్తున్నాం. ఆ ఆదివారం గురించి మేమిద్దరం ఎప్పుడూ పూర్తిగా మాట్లాడుకోలేదు. ఎందుకో ఆ రోజు శ్రీకాంతే ఎత్తాడు.

"నువ్వు పిలిచినవ్ గాబట్టి ఒచ్చిన గని, నాకింకా తాగబుద్ధి అయింది. లోపలికి దిగబుద్ధి అయింది," అన్నాడు.

నేనేమని పిలిచాను అని మెల్లగా అడిగాను.

"అదే నాకు నవ్వొచ్చింది అప్పుడు. నీ గొంతే. కని మా లెక్క మాట్లాడినవ్. 'ఇగ సాలు, పైకి రా, గా నీళ్లు తాగకు' అన్నవ్. మా భాష ఎప్పుడు నేర్చిందిరా ఇది అనుకుంట ఎక్కిన."

పెళ్లయి ఇన్నేళ్లయినా నా నోటికి మా రాయలసీమ మాట తప్ప ఇంకోటి రాదు. ఆ మాటను మా అత్తగారింట్లో అందరూ ఎగతాళి చేస్తారు కూడా. పైగా ఆ రోజు అతను కింద ఉన్నంతసేపు నేను పిలవలేదు. పిలవలేకపోయాను.

ఆ సంగతి అప్పుడే, అక్కడే చెప్పేశాను. శ్రీకాంత్ నవ్వలేదు. లేచి, నా చెయ్యి పట్టుకుని ఒడ్డు నుంచి దూరంగా తీసుకొచ్చాడు.

అతన్ని పైకి పిలిచింది ఎవరో నాకు తెలియదు. నా ప్రాణమంతా ఉన్న మనిషిని నాకు తిరిగి ఇచ్చింది కాబట్టి దండం పెట్టుకోవాలో, నా గొంతు వాడుకుంది కాబట్టి భయపడాలో కూడా తెలియదు. ఎంత ఆలోచించినా దీనికి తలా తోకా దొరకలేదు.

ఇప్పుడు ఇంట్లో నేను వంటింట్లోంచి పిలిస్తే శ్రీకాంత్ వెంటనే పలకడు. చేస్తున్న పని వదిలి, గుమ్మం దాకా వచ్చి, పెదాలు కదులుతున్నాయో లేదో నా మొహం చూసి, అప్పుడు "ఆఁ" అంటాడు.